రెండు గాట్ల ర్యామ్ ముక్క

పోయిన నెల నా లాప్‌టాప్ మరీ మొండికేస్తోందని తిరుపతిలో ఒక పెద్ద అంగడికి తీసుకుపోయాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడ నిండా వెలిగే తెరలు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి దాన్ని బోర్లించి, అడుగున రాసున్న అక్షరాలు చదివి, “దీంట్లో మెమరీ పెంచేదానికి కాదు మేడం. బోర్డుకే అతికించేసుంటారు. కొత్తది తీసేసుకోండి” అంది. ఒకసారి విప్పి చూడకూడదా అన్నాను. “విప్పినా సూసేదానికి ఏమీ ఉండదు మేడం” అని నవ్వింది. ఆ పిల్ల చెప్పింది నిజమే అయుంటుంది. కానీ విప్పి చూడకుండా ఒక యంత్రం గురించి మాట అనేయడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. మా నాయన అయితే ఈపాటికి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, ఆ పిల్లనే దీపం పట్టుకోమనుండేవాడు.

మా నాయనను చిత్తూరులో పేరు పెట్టి పిలిచేవాళ్ళు చాలా తక్కువ. ఊరికంతా ఆయన టైపు మాస్టరు. మా ఇంటి ముందరి గదే ఇన్‌స్టిట్యూట్. అమ్మ వాకిట్లో ముగ్గు పెట్టి లేచేసరికే మొదటి బ్యాచి పిల్లలు చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్ళు. ఏ ఎస్ డి ఎఫ్ అని వేళ్ళు పడే టకటకలతోనే మాకు తెల్లవారేది. ఆ గదికి తనదైన వాసన ఉండేది. రిబ్బన్ సిరా, స్టెన్సిల్ మైనం, అక్షరాలు కడిగే పెట్రోలు, వాటన్నిటి మీదా మెషిన్ నూనె. వంటింట్లోంచి వచ్చే కాఫీ డికాక్షన్ వాసన నడవలో దాంతో కలిసేది. ఇప్పటికీ ఉదయం అంటే నా ముక్కుకు ఆ కలగలుపే. గోర్లు పెరిగినవాళ్ళను నాయన మిషను తాకనిచ్చేవాడు కాదు. వీపు వంచి కూర్చుంటే వెనక నుంచి వచ్చి స్కేలుతో మెల్లగా తాకేవాడు. బ్యాచిలో అందరూ ఒకే తాళంలో కొట్టాలి. బల్ల మీద పెన్సిలుతో ఆ తాళం ఆయనే వేసేవాడు, అదీ గదిలో అందరికంటే నిదానంగా కొట్టేవాళ్ళ వేళ్ళను చూసుకుంటూ. చురుకైన పిల్లలు గొణుక్కునేవాళ్ళు. “ముందర పోయి ఏం చేస్తావప్పా, పరీక్షలో గంట అందరికీ ఒకసారే కదా కొట్టేది” అనేవాడు.

శుక్రవారం సాయంత్రం క్లాసులు ఉండవు. ఆ పూట మిషన్లకు స్నానం. నాయన చొక్కా విప్పి, బనియనుతోనే కూర్చుని, ఒక్కో మిషన్ను పీట మీదికి దించి, పెట్రోలులో ముంచిన బ్రష్షుతో అక్షరాల సందుల్లో మురికి తీసేవాడు. తర్వాత కోడి ఈకను నూనెలో ముంచి, కదిలే ప్రతి చోటా ఒక చుక్క. ఆయన లెక్కలో లోకంలోని సగం జబ్బులకు మందు ఒక చుక్క నూనె. తలుపు గొళ్ళెం బిగుసుకుంటే నూనె, సైకిలు కీచుమంటే నూనె, అమ్మ కుట్టుమిషను దారం తెంపితే నూనె. ఒకసారి గోడ గడియారం ఆగిపోతే దానికీ పెట్టాడు. అది ఆ రోజు నుంచి కాలం కంటే ముందు పరుగెత్తడం మొదలుపెడితే, బాగైపోయిందని సంతోషించాడు. ఆయన పని అయ్యాక అమ్మ వచ్చి ఒక్కో మిషనుకు పసుపు, కుంకుమ పెట్టి, పాత చీరల్తో తను కుట్టిన ముసుగులు కప్పేది. మా అమ్మ చీరల చరిత్ర అంతా ఆ ముసుగుల మీదే ఉండేది.

నేను డిగ్రీలో చేరేనాటికి మా సందు మొదట్లో కంప్యూటర్ సెంటరు వచ్చింది. పెద్ద బోర్డు, లోపల బూట్లు వేసుకున్న మాస్టర్లు. మా పిల్లలు ఒక్కొక్కరే అటు మళ్ళారు. వెళ్ళేముందు వచ్చి నాయనకు చెప్పి మరీ వెళ్ళారు, అది ఇంకా కష్టంగా ఉండేది. వారం మొత్తం ముసుగు తీయని మిషన్లు ఎక్కువయ్యాయి. అమ్మ తమ్ముడు మునిరత్నం మామకు మా ముందరి గది మీద ఎప్పటి నుంచో కన్ను. గాజులు, బొట్టుబిళ్ళలు, జడ రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ అంగడి పెట్టాలని ఆయన ఆశ. గాజుల మూట సైకిలుకు కట్టుకొని పల్లెలు తిరిగేవాడు. చెడ్డ మనిషి కాదు, ఎప్పుడొచ్చినా నాకు డజను గాజులు తేకుండా రాడు.

“బావా, ఉత్తగా దుమ్ము కొట్టుకుపోయే రూమును పెట్టుకోని ఏం జేస్తావు? నాకియ్యి. నువ్వు గల్లాపెట్టె కాడ కుర్చీ ఏసుకోని కూర్సో. మాస్టరు కూర్సున్నాడంటే ఆడోళ్ళు నమ్మి వస్తారు” అనేవాడు.

“గాజులకు కాపలా కూర్సునే వయసు నాకింకా రాలేదులే మునిరత్నం” అనేవాడు నాయన.

అన్నాడే గానీ, ఆ మాట ఆయనకు తగిలింది. వేలూరులో ఏదో ఆఫీసు మూసేస్తుంటే అక్కడి కంప్యూటర్ ఒకదాన్ని కొని, వ్యానులో గోనెసంచుల మధ్య పెట్టి తెచ్చాడు. టైపు మిషన్ల మధ్య బల్ల వేసి దాన్ని కూర్చోబెట్టారు. అమ్మ తన పెళ్ళి నాటి చీరను కోసి దానికి ముసుగు కుట్టింది. దాన్నిబట్టే మా ఇంట్లో ఆ కంప్యూటర్ మీద ఎంత ఆశ పెట్టుకున్నారో తెలుస్తుంది. నాయన ఆ వయసులో సందు మొదట్లోని సెంటరుకు పోకుండా, ఒక పాత పుస్తకం ముందు పెట్టుకొని తనంతట తనే నేర్చుకున్నాడు. కీబోర్డును టైపు మిషను మీద కొట్టినట్టే కొట్టేవాడు, బల్ల అదిరేది. లైను చివరికొచ్చేసరికి ఎడమ చెయ్యి లేని క్యారేజీని తోయడానికి గాలిలో లేచేది.

ఆ కంప్యూటర్‌కు మొదటి పెద్ద బేరం చెంగల్రాయుడు తెచ్చాడు. ఒకప్పుడు నాయన దగ్గర టైపు నేర్చుకున్నవాడు, అప్పటికి మామిడి రైతుల సంఘానికి అధ్యక్షుడు. సంఘం తరఫున ఒక పుస్తకం వేస్తారట. నిండా తోటల ఫోటోలు, రైతుల ఫోటోలు, తెలుగులో వ్యాసాలు. “ఎవురికో ఎందుకు సార్, మీరే చేసియ్యండి” అన్నాడు. నాయన ఛాతీ ఒక అంగుళం పెరిగింది. మొదటి పేజీ బాగానే వచ్చింది. రెండో పేజీలో రెండు ఫోటోలు పెట్టగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. తెర మీద ఇసుక గడియారం ఒకటి కనిపించి కదలదు, మెదలదు. నాయన చేతులు కట్టుకొని దాని ముందు కూర్చునేవాడు. మళ్ళీ మొదలు, మళ్ళీ అదే. తెలిసిన కుర్రాడొకడు చూసి, దీంట్లో మెమరీ చాలదు మాస్టరూ, పక్కనే ఇంకో స్లాటు ఖాళీగా ఉండాది, ఇంకో ముక్క కొనుక్కొచ్చి పెట్టుకోండి అని చెప్పి పోయాడు. స్లాటు అంటే ఆ మెమరీ ముక్క నిలబడే సన్నటి గాడి.

ఇదంతా నడవలో కూర్చుని సంగటి తింటున్న మామ విన్నాడు. “సరే బావా, ఒక మాట అనుకుందాం. ఈ మామిడికాయల పుస్తకం దీంట్లో పూర్తి చేస్తివా, నేనింక రూము ఊసెత్తను. కాలేదనుకో, శ్రావణమాసానికి ఈడ నా అంగడి తెరుస్తా.”

“అట్లే కానీ” అన్నాడు నాయన.

అమ్మ గరిటెతోనే వంటింట్లోంచి బయటికొచ్చేసింది. ఆ గదిలో నాయన మాస్టరు. అది పోతే ఆయన ఎవరు? గల్లాపెట్టె దగ్గర కుర్చీలో, గాజుల గలగల మధ్య, చేతులకు పని లేకుండా కూర్చున్న నాయనను నేను ఊహించుకోలేకపోయాను. ఆయన కూడా ఊహించుకోలేకపోయాడనే అనుకుంటాను. ఆ రాత్రి సంగట్లోకి నూరిన ఊరుబిండి ముట్టకుండానే లేచాడు.

మిషనుకు ఏ సామాను కావాలన్నా పాతది చేతిలో లేకుండా అంగడికి పోకూడదనేది నాయన పద్ధతి. పేరు చెప్తే అంగడివాడు తనకు తోచింది ఇస్తాడు, పాతది చూపిస్తే వాడు తప్పించుకోలేడు అనేవాడు. కాబట్టి ఇద్దరం పెట్టె విప్పి, ఉన్న ఒక్క ర్యామ్ ముక్కనూ ఊడదీశాం. పచ్చటి అట్ట, దాని మీద నల్లటి చిప్పులు, కింది అంచున బంగారు పళ్ళ వరుస, ఆ వరుసలో రెండు గాట్లు. నాయన దాన్ని ఉతికిన రుమాల్లో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తిరుపతి బస్సులో దారంతా ఒక చెయ్యి ఆ జేబు మీదే ఉంది.

తిరుపతి బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఉండేది ఆ అంగడి. ఇరుకు గది, విప్పిన కంప్యూటర్ల గుట్టలు. నడిపే ఆయన పేరు గోపి. నాయన రుమాలు విప్పి బల్ల మీద పెట్టి, “దీనికి జత కావాలప్పా” అన్నాడు.

“పాతది తెచ్చి మంచి పని చేసినారు సార్. అందరూ వచ్చి మెమరీ ఒకటియ్యి అంటారు, పొయ్యి మీది కొళంబులోకి ఉప్పు అడిగినట్టు” అన్నాడు గోపి. మా ముక్క పక్కన మూడు ముక్కలు పేర్చాడు. మొదటిది చూపించి, “ఇది ఇప్పుడు కొత్తగా వస్తా ఉండేది. దీనికి ఒకటే గాటు సూడండి. మీదానికి రెండు. మీ బోర్డులో ఇది కూర్సోదు, బలవంతంగా నొక్కితే ఇరుగుతాది” అని పక్కన పెట్టేశాడు. రెండోది తీశాడు. “ఇది పెద్దది. గాట్లు రెండే, కూర్సుంటాది. అయితే చిప్పులు ఒక పక్కనే ఉండాయి. ఒక్కోదాంట్లో కుక్కి పెట్టుంటారు. మీది పాత బోర్డు కదా, దానికి దీంట్లో సగమే కనపడొచ్చు.”

“మిగతా సగం?”

“ఉంటాది సార్. కానీ బోర్డుకు తెలీదు.”

“ఉండేది తెలీకపోతే లేనట్టే కదప్పా” అని నాయన మూడోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. రెండు పక్కలా చిప్పులున్నది. పట్టే మెమరీ పెద్దదాంట్లో సగమే, కానీ ఆ ఉన్నదంతా మా బోర్డుకు కనిపిస్తుందట. నాయన కళ్ళద్దాలు పైకి నెట్టి, రెంటినీ వెలుతురుకు పట్టి, గాటుకు గాటు ఆనించి చూశాడు. తర్వాత వాటి మీది కాగితాలు చదివాడు. పాతదాని మీద వంద అని, కొత్తదాని మీద నూటముప్పైమూడు అని ఉంది. ఆయన ముఖం మారింది. “ఇదేంది, వేగం తేడాగా ఉండాదే. రెండూ కొట్లాడుకోవా?”

“కొట్లాడవు సార్. వేగంగా పోయేది తగ్గుతాది. నిదానంగా పోయేదానితో కలిసి నడుస్తాది.”

నాయన ఆ పచ్చ ముక్కను పాతదాని పక్కన ఆనించి పెట్టాడు. “సూస్తివా పాపా” అన్నాడు నాతో. “మన క్లాసే.” అదే కట్టివ్వమన్నాడు.

తిరుగు బస్సు నిండా కొండ దిగి వస్తున్న జనం. గుండ్లు, గంధం, లడ్డూల వాసన. నాయన ఒళ్ళో చిన్న పొట్లం పెట్టుకొని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు. పక్కనున్న ముసలమ్మ కాసేపు చూసి, “కొంచెం పెట్టు నాయనా” అని చెయ్యి చాపింది. ప్రసాదం కాదవ్వా అని చెప్పినా ఆమె నమ్మలేదు. పొట్లం విప్పి చూపించాడు. ఆమె ఆ పచ్చ ముక్కను తాకి, వేళ్ళు కళ్ళకద్దుకొని, “ఏదైతే ఏంలే, ఇంత బద్రంగా పట్టుకున్నావంటే మంచిదే అయుంటాది” అంది.

ఇల్లు చేరి పెట్టె విప్పాం. కొత్త ముక్క స్లాటులో బిగుతుగా దిగుతోంది. నేను నీళ్ళు తాగడానికి లోపలికి పోయి వచ్చేసరికి రెండు ముక్కలూ కూర్చున్నాయి, స్లాటు చివరల్లో ఉండే తెల్లటి చెవులు రెండూ పట్టుకున్నాయి. నాయన చేతులు తుడుచుకుంటున్నాడు. మామ కూడా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. స్విచ్చి వేశాం. తెర నల్లగా ఉంది. పెట్టెలోంచి పొడుగాటి అరుపు, ఆగి ఇంకో అరుపు. కొత్తది తీసేసి పాతది ఒక్కటే పెట్టాం. అదే అరుపు. ఏదో తప్పు ముక్క కొనుక్కొచ్చాం, అది పోతూ పోతూ పాతదాన్ని కూడా చంపేసిందనుకున్నాం. నాయన కుర్చీలో కూలబడి, “కుదరలే” అన్నాడు, నెమ్మదిగా. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. మామ కాసేపు ఇబ్బందిగా అటూ ఇటూ కదిలి, ఎందుకైనా మంచిదని జేబులోంచి కొలత టేపు తీసి, గోడవారగా గది కొలవడం మొదలుపెట్టాడు.

అమ్మ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చి పెట్టె మీదికి వంగింది. “ఏందయ్యా, దీనికి గూడా నూనె పెడితివా?”

“బిగుతుగా ఉండాదని” అన్నాడు నాయన.

అమ్మ మమ్మల్నిద్దరినీ ఎస్టీడీ బూతుకు తరిమింది. గోపి అన్నీ ఓపిగ్గా అడిగాడు. చెవులు పట్టుకున్నాయా అంటే పట్టుకున్నాయి అన్నాడు నాయన. పాతది ఒక్కటే పెట్టి సూసినారా అంటే సూసినాము, దానికీ అదే అరుపు అన్నాడు. “అట్లుండదే సార్. మధ్యలో మీరేమన్నా చేసినారా?”

“ఏమీ లేదప్పా. దిగేదానికి సులువుగా ఉంటాదని ఈకతో చుక్క నూనె ఇడిసినా. అంతే.”

మీటరులో ఎర్ర అంకెలు కదులుతున్నాయి.

“యాడ ఇడిసినారు సార్?”

“స్లాటులోనే. రెండిట్లోనూ. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకుంటే బాగుండదు కదా.”

గోపి నవ్వు ఆపుకుంటున్నాడని ఫోను పక్కన చెవి పెట్టిన నాకు కూడా తెలిసింది. మందుల అంగట్లో స్పిరిట్ కొని, మెత్తటి బ్రష్షుతో స్లాటులో నూనె తుడిచేయమని, ముక్కల పళ్ళను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దమని, బాగా ఆరనిచ్చి పెట్టమని చెప్పాడు. ముక్కలకు ఏమీ అయుండదులే సార్ అన్నాడు. బూతులోంచి బయటికొచ్చేటప్పుడు నాయన సిగ్గుపడుతూ ఉంటాడనుకున్నాను. ఆయన అప్పటికే మందుల అంగడి వైపు నడుస్తున్నాడు. బ్రష్షుతో సందుల్లో మురికి తీయమంటే ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చొక్కా విప్పి, బనియనుతోనే పీట వేసుకొని కూర్చున్నాడు. స్లాటులోని ఒక్కో బంగారు పన్నునూ టైపు అక్షరాన్ని కడిగినట్టు కడిగాడు. అమ్మ విసనకర్రతో ఆరబెట్టింది. ఈసారి స్విచ్చి వేస్తే ఒకే ఒక్క చిన్న కూత వినబడింది. మళ్ళీ అరుస్తోందని నాయన కళ్ళు మూసుకున్నాడు. “సూడు నాయనా” అని భుజం తట్టాను. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు గబగబా పెరుగుతూ పోతున్నాయి. ఇదివరకు ఆగిన చోటు దాటి, ఇంకా పైకి పోయి, గోపి చెప్పిన లెక్క దగ్గర ఆగాయి. నాయన గట్టిగా నవ్వాడు. ఆ గదిలో ఆయన అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

చివరికి కొత్త లాప్‌టాప్ కొన్నాను. ఇప్పుడు నా బల్ల మీదున్న దాంట్లో ఆనాటి మెమరీకి వందల రెట్లుంది. ఎన్ని ఫోటోలు పెట్టినా ఇసుక గడియారం కనిపించదు. అయినా దాని లోపల ఏముందో నాకు తెలియదు, తెలుసుకోమని అది నన్ను అడగదు. పాడైతే పారేయమంటారు. ఇది చెడ్డకాలమని అనను, నా వేళ్ళకు ఈ సుఖం అలవాటైపోయింది. కానీ ఒక యంత్రానికి ఏది సరిపోతుందో కనుక్కోవడానికి ఇద్దరు మనుషులు బస్సెక్కిపోవడం, పాతదాన్ని గుండె దగ్గర పెట్టుకుపోవడం, తప్పు చేసి మళ్ళీ సరిచేసుకోవడం, ఇవన్నీ పోయాయి. వాటితోపాటు నాయనతో అట్లా పక్కపక్కన కూర్చుని బస్సులో పోయే సాకు కూడా పోయింది. దానికి మాత్రం నాకు బాధగానే ఉంది.

మామిడి రైతుల పుస్తకం అచ్చయి వచ్చిన రోజు చెంగల్రాయుడు ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, వచ్చే ఏడుది కూడా మీదే సార్ అని చెప్పి పోయాడు. మామ కూడా వచ్చాడు. పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. ఫోటోలు తడిమి చూశాడు. “బాగుండాది బావా. మాటంటే మాటే. రూము ఊసెత్తను” అని సైకిలు వైపు కదిలాడు. సైకిలుకు గాజుల మూట కట్టే ఉంది, ఎండ మండిపోతోంది.

“ఉండు మునిరత్నం. టేపు ఉండాదా?” అన్నాడు నాయన. “ఇంకో కంప్యూటర్ కొనాల. పిల్లోళ్ళకు నేర్పించాల. బల్ల పడుతుందేమో కొలిచి సూడు.”

మామ నొచ్చుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, గోడ నుంచి గోడకు శ్రద్ధగా కొలిచాడు. “ఒకటేంది బావా, రెండు పడతాయి” అని లేచి టేపు చుట్టబోయాడు.

“సుట్టొద్దు” అన్నాడు నాయన. “వరండా కూడా కొలువు. గాజుల అంగడికి అది చాలునేమో సూద్దాం.”

మామ సైకిలు మీది గాజుల మూట వైపు ఒకసారి చూశాడు. నాయన లేచి, ఆయన చేతిలోంచి టేపు కొస అందుకొని, తనే వరండాలోకి నడిచాడు.